విండోస్ కీ మీద ఏం అంటించాలి? ఫ్రీబీఎస్‌డీ లాప్‌టాప్‌కి లోగో ఎంచుకున్న డైరీ

ముందే చెప్తున్నా, ఇది లోగో గీయడం గురించి కాదు. ఉన్న గుర్తుల్లో ఏది ఎక్కడ పనికొస్తుందో, ఏది ఎక్కడ పరువు తీస్తుందో తేల్చుకోవడం గురించి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత ఆఫీసు లాప్‌టాప్ ఒకటి ఉంది. అందులో విండోస్ బదులు ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేశా, పక్కన ఎందుకైనా మంచిదని ఒక లినక్స్. కీబోర్డు మీద మాత్రం ఇంకా నాలుగు గళ్ల విండోస్ గుర్తే. లినక్స్ అయితే పెంగ్విన్ స్టిక్కర్లు ఎక్కడైనా దొరుకుతాయి, ఫ్రీబీఎస్‌డీకి అలా కాదు, మనమే చేసుకోవాలి.

గుర్తు కావాల్సిన చోట్లు నాలుగు. డిజిటల్ వెర్నియర్‌తో కొలిచి రాసుకున్నవి ఇవి:

1. విండోస్ కీ: పైభాగం 15 మి.మీ. వెడల్పు, 14.5 మి.మీ. ఎత్తు. అంచులు వదిలేస్తే గుర్తుకి మిగిలేది 11 మి.మీ.
2. రీఫైండ్ బూట్ మెనూ (ఆన్ చేయగానే ఏ ఆపరేటింగ్ సిస్టం కావాలో అడిగే తెర): 128 × 128 పిక్సెళ్లు.
3. ఫ్రీబీఎస్‌డీ సొంత లోడర్ తెర (అది మొదలయ్యేటప్పుడు కనిపించేది): అక్షరాలతో గీసిన బొమ్మ.
4. లాప్‌టాప్ మూత: 90 మి.మీ. ఎత్తు.

నాలుగు చోట్లకీ ఒకటే గుర్తు పెడదామనుకున్నా. రెండు వారాలు వృథా అయింది అందుకే.

దశ 1: పోటీలో ఎవరున్నారు

ఫ్రీబీఎస్‌డీతో చిక్కేంటంటే దానికి గుర్తులు రెండు. ఒకటి బీస్టీ, అంటే ఎర్రటి బుజ్జి దెయ్యం, చేతిలో శూలం, కాళ్లకి కాన్వాస్ బూట్లు. నిజానికి ఇది ఫ్రీబీఎస్‌డీ ఒక్కదాని సొత్తు కాదు, యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం నుంచి పుట్టిన మొత్తం బీఎస్‌డీ కుటుంబానిది. 1976లో ఫిల్ ఫోగ్లియో అనే కామిక్స్ ఆర్టిస్టు గీసిన యూనిక్స్ దెయ్యాలతో మొదలైంది. 1984లో జాన్ లాసెటర్, తర్వాత పిక్సార్ యానిమేషన్ సినిమాలతో పేరు తెచ్చుకున్నాయనే, 4.2 బీఎస్‌డీ మాన్యువల్ అట్ట కోసం గీశాడు, 1988లో మళ్లీ ఇంకోటి గీశాడు. ఇప్పుడు అందరూ బీస్టీ అనుకునేది ఆ 1988 బొమ్మే. యూనిక్స్‌లో డీమన్ అంటే వెనకాల నిశ్శబ్దంగా పని చేసుకుపోయే ప్రోగ్రాం, ఆ మాట మీద ఆటే ఈ దెయ్యం.

రెండోది ఎర్ర గోళం, దానికి రెండు కొమ్ములు. 2005లో ఫ్రీబీఎస్‌డీ వాళ్లు పోటీ పెట్టి ఆంటన్ గురాల్ గీసినదాన్ని ఎంచుకున్నారు. అప్పట్లో బీస్టీని తీసేస్తున్నారని జనం గోల చేశారు కానీ తీసెయ్యలేదు, బీస్టీ మస్కట్‌గా, అంటే గుర్తుబొమ్మగా, ఉండిపోయింది, గోళం లోగో అయింది. మస్కట్ వేరే, లోగో వేరే అని నేను చదివేటప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. స్టిక్కర్ కోసే కత్తి కిందికి వెళ్లాక అర్థమైంది.

ఖర్చు: 0. సమయం: లెక్కలో వేయలేదు, చదువుకోవడం సరదాకే.

దశ 2: కాగితం పరీక్ష

నేరుగా స్టిక్కర్ కోయించకుండా ఈ ఒక్క పని ముందు చేసినందుకు నన్ను నేను మెచ్చుకోవాలి. రెండు గుర్తుల్నీ 90, 40, 20, 11 మి.మీ. సైజుల్లో రెండు కాగితాల మీద పెట్టి కలర్ ప్రింట్ తీయించా. రెండో కాగితం మీద రంగు లేకుండా నిండు నలుపులో కూడా పెట్టా, ఎందుకంటే స్టిక్కర్ ఒకటే రంగు కాబట్టి. తర్వాత ఇంట్లోవాళ్లకీ పక్కింటివాళ్లకీ కలిపి ఏడుగురికి 2 మీటర్ల దూరం నుంచి చూపించి ఇదేంటో చెప్పమన్నా.

11 మి.మీ. బీస్టీ: ఏడుగురిలో ఒక్కళ్లూ పోల్చుకోలేదు. "చీమ", "సిరా మరక", "తేలు". శూలం, తోక, కాళ్లు అన్నీ కలిసి ముద్దయిపోయాయి.

11 మి.మీ. నల్ల గోళం: నలుగురు పిల్లి తల అన్నారు, ఇద్దరు దెయ్యం అన్నారు, అమ్మ మాత్రం "టమాటాకి చెవులొచ్చాయేంట్రా" అంది. ఇదే గోళం రంగుల్లో 40 మి.మీ.లో చూపిస్తే దెయ్యం అన్నవాళ్లు ఐదుగురు. అంటే కొమ్ముల్ని కొమ్ముల్లా చూపిస్తున్నది ఆకారం కాదు, ఆ మెరుపూ నీడా. ఒంటి రంగులోకి దించగానే కొమ్ములు చెవులైపోతున్నాయి.

90 మి.మీ. బీస్టీ: అందరూ పోల్చుకున్నారు, పక్కింటి పిల్లాడు బూట్లు కూడా గమనించాడు.

ఇక్కడే ఆగి ఆలోచించి ఉంటే సగం పని అయిపోయేది. ఆగలేదు.

ఖర్చు: ప్రింట్లు ₹20. మొత్తం: ₹20, 2 గంటలు.

దశ 3: రేడియం షాపు, మొదటి విడత

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి, బళ్ల నంబర్ ప్లేట్లకి రేడియం స్టిక్కర్లు కోసే షాపులు వరసగా ఉంటాయి. నా ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒకదానికి వెళ్లా. అక్కడాయన కోరల్‌డ్రా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి ఒక్క నిమిషం చూసి "ఇది ప్రింటింగ్ బొమ్మ బాబూ, కటింగ్ బొమ్మ కాదు" అన్నాడు. అంతే, ఆ మాటలోనే ఉంది విషయమంతా. కోసే మిషన్‌కి రంగు తెలీదు, నీడ తెలీదు, కత్తి ఏ గీత వెంట నడవాలో ఒక్కటే తెలుసు. నా గోళంలో మెరుపు కోసం రంగులు నెమ్మదిగా మారే చోటల్లా దానికి గీతే లేదు.

సరే అని అక్కడే కూర్చుని నలుపు రూపం కోయించా. జరిగిన తప్పులు మూడు.

ఒకటి, సైజు. 11 మి.మీ. అని గీసుకున్నది కోశాక కొలిస్తే 14.7 వచ్చింది. కీ మొత్తం కప్పేస్తోంది. ఇంటికొచ్చాక లెక్క చూస్తే కారణం దొరికింది: నేను బొమ్మ గీసుకున్న ఇంక్‌స్కేప్‌లో పిక్సెల్ అంటే అంగుళంలో 96వ వంతు, అవతలి సాఫ్ట్‌వేర్ దాన్ని 72వ వంతుగా తీసుకుంది. 11 ని 96 తో గుణించి 72 తో భాగిస్తే 14.67. సరిగ్గా అదే. ఎక్కడైనా సైజు మూడోవంతు పెరిగి వస్తే ముందు ఈ లెక్కే చూడండి, షాపాయనతో గొడవపడకండి, నేను కొంచెం పడ్డా.

రెండు, గీతలు మాయం. కొమ్ము అంచుల్ని మందపాటి గీతలుగా వదిలేశా, ఆకారాలుగా మార్చలేదు. కత్తికి గీత మందంతో పనిలేదు, దాని నడిమధ్య నుంచి ఒక్కసారి నడిచి వెళ్లిపోయింది.

మూడు, అత్యాశ. వచ్చినవాణ్ణి ఊరుకోక బీస్టీని కూడా 11 మి.మీ.లో కోసి చూడమన్నా. 90 మి.మీ. బొమ్మలో శూలం కర్ర మందం 2 మి.మీ. దాన్ని 11కి తగ్గిస్తే 0.24 మి.మీ. కత్తి కోసింది, కానీ చుట్టూ ఉన్న అక్కర్లేని షీటు లాగుతుంటే శూలం, తోక, ఒక కాలు దాంతోపాటే ఊడొచ్చాయి. మిగిలింది ఒంటికాలి బంగాళాదుంప.

ఖర్చు: ₹120. మొత్తం: ₹140, 5.5 గంటలు. చేతిలో పనికొచ్చే స్టిక్కర్లు: సున్నా.

దశ 4: పిల్లిని దెయ్యంగా మార్చడం

ఇంటికొచ్చి మార్చినవి, వరసగా:

1. డాక్యుమెంట్ యూనిట్లు పిక్సెళ్ల నుంచి మి.మీ.లోకి.
2. అన్ని గీతల్నీ "స్ట్రోక్ టు పాత్" చేసి ఆకారాలుగా మార్చడం, ఒకదాని మీద ఒకటి ఎక్కినవాటిని యూనియన్ చేయడం.
3. ఎస్వీజీ బదులు పీడీఎఫ్‌గా సేవ్ చేయడం.
4. పక్కనే కచ్చితంగా 10 మి.మీ. చదరం ఒకటి గీసి పెట్టడం. షాపులో ఫైల్ తెరవగానే ఆ చదరాన్ని కొలవమంటే సైజు తేడా కోయకముందే బయటపడుతుంది.

నాలుగోదే అన్నిటికన్నా పనికొచ్చింది. ఐదు సెకన్ల పని.

ఇక పిల్లి సమస్య. కొమ్ము గోళానికి అతుక్కుని ఉంటే చెవిలా కనిపిస్తోంది, అదే మధ్యలో సన్నటి సందు వదిలితే అది వేరే ముక్క అని కన్ను పోల్చుకుంటోంది. సందు ఎంత ఉండాలన్నది లెక్కకి తేలదు, కోసి చూడాల్సిందే. ఒకే షీటు మీద నాలుగు రకాలు కోయించా:

0.3 మి.మీ.: సందులో ఉన్న పోగు సూదితో లాగుతుంటే తెగిపోయింది, సగం లోపలే ఉండిపోయింది.
0.5 మి.మీ.: వచ్చింది, కానీ పక్కనున్న కొమ్ము కొస కూడా లేచింది.
0.7 మి.మీ.: శుభ్రంగా వచ్చింది.
0.9 మి.మీ.: ఇంకా సులువుగా వచ్చింది, కానీ కొమ్ములు గోళం నుంచి విడిపోయి గాల్లో తేలుతున్నట్టున్నాయి.

0.7 ఖాయం చేశా. మళ్లీ అదే ఏడుగురికి చూపిస్తే ఈసారి దెయ్యం అన్నవాళ్లు ఐదుగురు, పిల్లి అన్నది ఒక్కరు. అమ్మకి ఇంకా టమాటాయే. పాత జవాబులు వాళ్లకి గుర్తుంటాయి కదా, ఇది సరైన పరీక్ష కాదని నాకూ తెలుసు, కొత్త ఏడుగురిని ఎక్కడ తేను.

ఎర్ర రంగులో షాపులో రెండు రకాలున్నాయి, ఒకటి నిండు ఎరుపు, ఒకటి కాస్త గోధుమ కలిసిన ముదురు ఎరుపు. నల్ల కీ మీద పెట్టి చూస్తే ముదురుది లోగో రంగుకి దగ్గరగా ఉంది కానీ ట్యూబ్‌లైటు కింద నలుపులో కలిసిపోతోంది. నిండు ఎరుపు తీసుకున్నా. అదే షీటులో ఆరు కోయించా, ఒకటి కీ మీద, ఐదు నిల్వ.

ఒక మాట. ఇలా సందులు మార్చి గీసుకోవడం నా సొంత కీ వరకే. ఫ్రీబీఎస్‌డీ పేరు, ఆ లోగో ఫ్రీబీఎస్‌డీ ఫౌండేషన్ ట్రేడ్‌మార్కులు. ఫ్రెండ్ ఒకడు "పాతిక కొట్టించు, అమ్మి పెడతా" అన్నాడు, వద్దన్నా. అమ్మాలంటే ముందు అనుమతి అడగాలి, ఆ పని నాది కాదు.

ఖర్చు: ₹80. మొత్తం: ₹220, 8.5 గంటలు.

దశ 5: బూట్ మెనూ, 128 పిక్సెళ్లు

ఇది స్క్రీనే కదా, రంగులన్నీ వస్తాయి, అరగంట పని అనుకున్నా. నాలుగు గంటలు పట్టింది.

రీఫైండ్‌లో పద్ధతి తేలికే. లోడర్ ఉన్న ఫోల్డర్ పేరుని బట్టి అది ఐకాన్ వెతుక్కుంటుంది, ఫోల్డర్ పేరు ఫ్రీబీఎస్‌డీ అయితే "ఓఎస్" తర్వాత అండర్‌స్కోర్, తర్వాత "ఫ్రీబీఎస్‌డీ" అన్న పేరుతో పీఎన్‌జీ ఉంటే చాలు, అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. నేను 1024 పిక్సెళ్ల గోళాన్ని 128కి కుదించి పెట్టేశా.

మొదటి సమస్య: బ్యాక్‌గ్రౌండ్ నల్లగా పెట్టుకున్నా కాబట్టి గోళం కింది సగం, నీడ ఉన్న వైపు, పూర్తిగా మాయమైంది. అర్ధచంద్రుడికి కొమ్ములు పెట్టినట్టు కనిపించింది. చుట్టూ తెల్ల అంచు పెట్టా, పెద్ద ఫైల్లో 8 పిక్సెళ్లు. కుదించాక అది ఒక్క పిక్సెల్ అయ్యి, అదీ బూడిద రంగులోకి వెళ్లి, మురికి పట్టినట్టుంది. చివరికి కుదించడం మానేసి 128 సైజులోనే కొత్త ఫైల్ తెరిచి, లోగోని అందులోకి తెచ్చి, అంచుని అక్కడే 4 పిక్సెళ్లుగా పెట్టా. అప్పుడు నిలబడింది. పక్కనున్న లినక్స్ ఐకాన్‌తో పోలిస్తే మరీ నిండుగా కనిపిస్తోందని గోళాన్ని 128 నుంచి 108కి తగ్గించి చుట్టూ ఖాళీ వదిలా. గుండ్రటి ఆకారాలు ఫ్రేము నిండా ఉంటే పక్కవాటికన్నా లావుగా కనిపిస్తాయి, ఇది ఎవరైనా చేసే తప్పే.

రెండో సమస్య రెండు వారాల తర్వాత తెలిసింది. రీఫైండ్ అప్‌డేట్ చేశా, నా ఐకాన్ పోయింది. పోలేదు లెండి, ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ పాత ఐకాన్ల ఫోల్డర్‌ని బ్యాకప్‌గా పక్కకి జరిపి కొత్తది పెట్టింది. మన ఐకాన్లకి వేరే ఫోల్డర్ చేసుకుని, కాన్ఫిగ్ ఫైల్లో ఐకాన్స్_డిర్ అనే సెట్టింగ్‌కి ఆ పేరు ఇస్తే ఈ బాధ ఉండదు. మొదటి రోజే చేయాల్సింది.

ఖర్చు: లేదు. మొత్తం: ₹220, 12.5 గంటలు.

దశ 6: లోడర్ తెర

ఇక్కడ నేను చేసింది ఒకటే లైను. బూట్ ఫోల్డర్‌లోని లోడర్.కాన్ఫ్‌లో లోడర్_లోగో విలువని "బీస్టీ" అని మార్చా. మామూలుగా వచ్చేది ఆర్బ్, అంటే గోళం. యూఈఎఫ్‌ఐ (కొత్త కంప్యూటర్లలో బయోస్ బదులు వచ్చే పద్ధతి) తెర మీద ఆ గోళం నిజమైన బొమ్మగా వస్తుంది, బీస్టీ మాత్రం పాతకాలం పద్ధతిలో చుక్కలు, కామాలు, గీతలతో వస్తుంది. రంగుల్లేని సీరియల్ కన్సోల్‌లో (కేబుల్ ద్వారా అక్షరాలు మాత్రమే చూపే తెర) చూసేవాళ్లకి నలుపు తెలుపు రకాలు వేరే ఉన్నాయి, అదే పేరుకి చివర బీడబ్ల్యూ తగిలిస్తే చాలు.

ఈ దశలో ఆశ్చర్యం ఏంటంటే, 11 మి.మీ.లో తేలూ చీమా అయిపోయిన బీస్టీ, కేవలం టైపు అక్షరాలతో గీస్తే ఠక్కున తెలిసిపోతోంది. కొమ్ములు, తోక, శూలం అన్నీ. ఎందుకా అని స్క్రీన్‌ని ఫొటో తీసి చాలాసేపు చూశా. అది లాసెటర్ బొమ్మని కుదించింది కాదు, ఎవరో ఓపిగ్గా ఈ గళ్ల కోసమే మళ్లీ గీసింది. వేళ్లు లేవు, బూట్ల లేసుల్లేవు, శూలం బాగా పెద్దది. నేను కీ కోసం చేయాల్సిందీ అదే, కుదించడం కాదు, ఆ సైజుకి మళ్లీ గీయడం. అయితే బీస్టీని నా ఇష్టానికి తిరగ్గీయడం నాకు నచ్చలేదు, చేత కాదు కూడా.

కొటేషన్ గుర్తు మూయడం మర్చిపోయి ఒకసారి లోడర్ చేత తిట్టించుకున్నా. అది లెక్కలోకి రాదు.

ఖర్చు: లేదు. మొత్తం: ₹220, 14 గంటలు.

దశ 7: మూత మీద ఏది?

90 మి.మీ. ఉంది కాబట్టి బీస్టీయే, అందులో అనుమానం లేదు. ఈసారి కటింగ్ కాదు, ప్రింట్ చేసి పైన లామినేషన్ వేసే స్టిక్కర్.

బీస్టీ కాపీరైట్ బీఎస్‌డీ తయారుచేసినవాళ్లలో ఒకరైన మార్షల్ కిర్క్ మెక్‌క్యూసిక్‌ది. సొంత వాడకానికి, అభిరుచి హద్దులు దాటకుండా ఉంటే ఆయనకి అభ్యంతరం లేదు. హద్దు దాటడానికి ఉదాహరణగా చెప్పిందేంటంటే, బీస్టీ సొలారిస్ అనే ఇంకో యూనిక్స్ లోగోని బ్లోటార్చ్‌తో కాలుస్తున్న బొమ్మ. వీలైన చోట మాత్రం కాపీరైట్ లైను, అది ఎవరిదో చెప్పే పేరు పెట్టమంటారు. అందుకని బొమ్మ కింద ఒక లైను పెట్టా. మొదటి ప్రింట్‌లో అక్షరాల ఎత్తు 1.2 మి.మీ., సిరా పాకి అక్షరాల పొట్టలన్నీ నిండిపోయాయి, భూతద్దం పెట్టినా చదవలేం. 2.2 మి.మీ.కి పెంచి, సన్న ఫాంట్ తీసేసి మామూలుది పెడితే చదవగలిగేలా వచ్చింది. చదవలేని కాపీరైట్ లైను ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే, అందుకే రెండోసారి డబ్బు పెట్టా.

దెయ్యం బొమ్మ అంటించుకుని ఆఫీసుకి వెళ్తే ఎవరేమంటారో అని కొంచెం టెన్షన్ పడ్డా. అమెరికాలో దీన్ని మతపరంగా తప్పుపట్టినవాళ్లు ఉన్నారని చదివా కదా. ఇక్కడ జరిగింది దానికి సరిగ్గా ఉల్టా. షాపాయన ప్రింట్ చేతికిస్తూ "దిష్టిబొమ్మా బాబూ? బాగుంది, మా దగ్గర లారీల వెనక్కి వేసేవి ఇంకా పెద్ద కోరలతో ఉన్నాయి, చూస్తావా" అన్నాడు. అమ్మ కూడా గోళాన్ని చూసి టమాటా అన్నది కానీ దీన్ని చూసి ఏమీ అనలేదు, "లాప్‌టాప్‌కి దిష్టి తగలకుండానా" అని ఊరుకుంది. ఎర్ర మొహం, కొమ్ములు, కట్టే ఇంటికి వేలాడేసే బొమ్మ మనకి కొత్తా పాతా? డీమన్ అంటే ఏంటో వివరించబోయి మానేశా, వెనకాల ఉండి కాపు కాసేదే కదా, అర్థం మరీ తప్పు కూడా కాదు.

ఖర్చు: రెండు ప్రింట్లు కలిపి ₹150. మొత్తం: ₹370, 16 గంటలు.

దశ 8: నాలుగు నెలల తర్వాత

కీ మీది గోళం ఎడమ కొమ్ము అరిగి కొస లేచింది. బొటనవేలు ఎప్పుడూ అటునుంచే తగులుతుంది. తీసేసి నిల్వలోది వేశా, ఈసారి వేసేముందు కీని స్పిరిట్‌తో తుడిచి పది నిమిషాలు ఆరనిచ్చా, మొదటిసారి బట్టతో తుడిచి ఊరుకున్నా. నిల్వ: 4. కొమ్ము కొసని మరీ సూదిగా కాకుండా 0.5 మి.మీ. గుండ్రం చేస్తే లేవదేమో, మళ్లీ కోయిస్తే అలా చేస్తా.

మూత మీది బీస్టీ అలాగే ఉంది. బూట్ ఐకాన్‌ని ముట్టుకోలేదు.

ఈ లోపు ఇంట్లో ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద బీఎస్‌డీ కుటుంబంలోనే ఇంకోటైన నెట్‌బీఎస్‌డీ వేశా, దాని డబ్బాకీ ఒక గుర్తు కావాల్సొచ్చింది. దాని పాత లోగో, 1994లో షాన్ ముల్లర్ గీసింది, కంప్యూటర్ల గుట్ట మీద నలుగురైదుగురు దెయ్యాలు కలిసి జెండా ఎత్తుతున్న బొమ్మ. రెండో ప్రపంచయుద్ధంలో ఐవో జీమా మీద అమెరికా సైనికులు జెండా పాతే ఫొటోకి అనుకరణ. కొన్ని దేశాల వాళ్లకి అది ఇబ్బందిగా ఉంటుందన్న మాట వచ్చింది, నా బాధ వేరు, ఆ బొమ్మని ఏ కత్తీ కోయలేదు. 2004లో గ్రాంట్ బిసెట్ గీసినదాంట్లో దెయ్యాలు పోయి, గుట్ట పోయి, జెండా ఒక్కటే మిగిలింది, నారింజ రంగులో. 25 మి.మీ. సైజు, 10 మి.మీ. చదరంతో సహా పీడీఎఫ్ తీసుకెళ్లా. మొదటి కోతకే వచ్చేసింది, సూదితో పీకాల్సింది కూడా ఏమీ లేదు, పది నిమిషాల్లో పని అయిపోయింది.

ఖర్చు: ₹60. మొత్తం: ₹430, 17 గంటలు.

డబ్బులిస్తుంటే షాపాయన జెండాని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, కొంచెం గొంతు తగ్గించి అడిగాడు: "ఇది ఏ పార్టీది బాబూ?"